సంక్రాంతి సకినాలు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందు సకినాలు లేని సంక్రాంతి యుండదు. క్రొత్తబియ్యమును రాత్రియంతయు నానవైచి, నీరోడ్చి, తడిగానే పిండి పట్టించి జల్లింపుడు. 4 పాళ్ల బియ్యమునకు 1 పాలు నువ్వులు, కొంచెము వాము, తగినంత ఉప్పు, కారము చేర్చి, నీటితో మెత్తగా కలుపుడు. పొడిబట్టపై వ్రేళ్లతో మూడు నాలుగు చుట్లుగా త్రిప్పుడు.

ఇచటనే తొందర తగదు. బట్ట తేమను పీల్చి, సకినము విరుగక లేచువరకు ఆగవలెను. తడియారనిదానిని కాగిన నూనెలో వేసినచో నూనె చిమ్మి చేతులను, ముఖమును కాల్చును. పిల్లలను పొయ్యికి దూరముగా నుంచి, సన్నని సెగపై వేయింపుడు. వియ్యాలవారికి పంపు సకినాలు ఒకపూట ఆలస్యమైనను మర్యాదకు లోటు రాదు. కాలిన చేయి మాత్రము పండుగనాటికి మానదు.