కొరియా యువజనుల వేఱుకాపురము

వయసు వచ్చిన బిడ్డ తల్లిదండ్రుల యిల్లు విడిచి వేఱుగా నుండగోరుట దోషమా? కోరియు పోలేక యచ్చటనే యుండిపోవుట సోమరితనమా? దక్షిణకొరియాలో నీ రెండు నిందలును ఒక్క తరమువారి మీదనే పడుచున్నవి. ఇల్లు విడిచినవాడు కృతఘ్నుడు. విడువనివాడు 'కంగారూ జాతివాడు.' పెరిగియు తల్లిసంచి దిగని కంగారూ పిల్లతో బోల్చి, పుట్టినింట నుండిపోయిన యువజనులకు ఆ దేశపు పత్రికలు పెట్టిన పేరిది. 2022 లెక్కలనుబట్టి యిరువది మొదలు ఇరువదితొమ్మిదేండ్ల వఱకు వయసుగల కొరియనులలో నూటికి 81 మంది తల్లిదండ్రులతోనే యుండిరి. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ లెక్కించిన దేశములలో నిదియే పెద్ద సంఖ్య. ఇంతమంది యొక్కమాఱుగా సోమరులైరని నమ్ముటకంటె, వాకిట నేదో యడ్డుగోడ యున్నదని తలచుట వివేకము. ఆ గోడ పేరు ధరావతు.

కొరియాలో 'జొన్సె' యను నద్దెపద్ధతి యొకటి కలదు. అందు నెలనెలా అద్దె లేదు. ఇల్లు పుచ్చుకొనువాడు దాని వెలలో సగమునో, అంతకు మిక్కిలినో యొకేసారి యజమాని చేతిలో పోయవలెను. సాధారణముగా రెండేండ్లగు గడువు తీరిన పిమ్మట నా సొమ్ము వడ్డీ లేక తిరిగివచ్చును. ఆ పోయిన వడ్డీయే అద్దె. అంత సొమ్ము లేనివారు నెలయద్దెకు దిగవలెను గాని, దానికిని ధరావతు తప్పదు. రాజధానియగు సియోలులో నొంటిగదికి కోటి వాన్లు అడుగుట వాడుక. 2025లో శాసనము విధించిన కనీసపు జీతము నెలకు సుమారు 21 లక్షల వాన్లు. అనగా క్రొత్తగా పనిలో జేరిన పిల్ల దాదాపు అయిదునెలలు తిండి మాని కూడబెట్టినగాని యా గది తాళపుచెవి చేతికి రాదు. నెలయద్దె యటుపైని మాట.

ధరావతు లేనివారికి 'గోషివాన్' కలదు. సర్కారు పరీక్షలకు జదువువారికై యేర్పడిన యీ వసతులలో గది యనగా మంచమును బల్లయు పట్టునంత చోటు. వెలుతురును గాలియు గూడ నచట కొనవలసినవే. కిటికీగల గదికి అద్దె హెచ్చు. 2018 నవంబరులో సియోలులోని జోంగ్నో ప్రాంతమున నట్టి వసతి యొకటి తగులబడి యేడుగురు మరణించిరి. వారిలో పెక్కండ్రు వయసు మీఱిన కష్టజీవులు. నాలుగునాళ్లకని యువకుడు చేరు గదియే నిరుపేదకు జీవితాంతపు గూడగుచున్నది.

ఎట్లో ధరావతు చెల్లించినవారైనను నిశ్చింతగా నున్నారా? అద్దెకు వచ్చినవాని సొమ్ముతోనే యిండ్లమీద నిండ్లు కొనుట యజమానులలో బలువురు మరగిన వర్తకము. ఇండ్ల వెలలు పడిపోయిన దినమున తిరిగి యిచ్చుటకు వారిచేత చిల్లిగవ్వ యుండదు. 2022, 2023 సంవత్సరములలో నీ మోసములు వెల్లడియై వేలకొలది కుటుంబములు నట్టేట మునిగినవి. నష్టపడినవారిలో యువజనులే మిక్కిలి. ఇంచియోన్ నగరమున కొందఱు నిరాశచే ప్రాణములనే కోల్పోయిరి. ఆ పిమ్మట, 2023 మే నెలలో, శాసనసభ బాధితుల సహాయమునకై ప్రత్యేకశాసనము చేసినది.

ఇక వేఱుకాపుర మెవరికి సాధ్యము? తండ్రి కలిగినవాడైన బిడ్డకు. ఇదియే యీ వ్యవహారములోని గుట్టు.

కొరియాలో 'హోజు' యను గృహాధిపత్యపు ధర్మము చిరకాలము చెల్లినది. కుటుంబ పట్టికలో స్త్రీ తండ్రిక్రిందనో, మగనిక్రిందనో, మగడు పోయినచో కొడుకుక్రిందనో యుండవలసినదే. మనుధర్మము నెఱిగిన మన చదువరుల కీ వరుస క్రొత్తది కాదు. ఆ దేశపు మొదటి మహిళాన్యాయవాది లీ తైయంగ్ దశాబ్దములపాటు కుటుంబశాసన సంస్కరణమునకై పోరాడి 1998లో మరణించెను. 2005లో రాజ్యాంగ న్యాయస్థానము హోజు చెల్లదని తీర్పు చెప్పగా, 2008 జనవరి 1వ తేదీ మొదలు అది రద్దయినది. కాని పట్టికనుండి వెడలగొట్టబడిన తండ్రిపెత్తనము ధరావతు రసీదులో మరల దూరినది. సొమ్మెవరిదో మాట వారిదే: కూతు రే పేటలో నుండవలెను, ఎవరితో నుండవలెను, ఎన్నాళ్లుండవలెను అను నిర్ణయము సొమ్ము పెట్టినవారి చేతిలోనిది.

ప్రభుత్వమైన నీ పెత్తనమును తగ్గించినదా? 2022లో బీద యువజనులకు నెలకు రెండులక్షల వాన్లవఱకు అద్దెసాయ మేర్పఱచిరి. కాని ముప్పదియేండ్లు నిండని యవివాహితులు, తమ సంపాదనతో వేఱుగా బ్రదుకుచున్నట్లు రుజువు చూపినగాని, తల్లిదండ్రుల యాదాయమును గూడ లెక్క చెప్పవలెను. పెండ్లియైనవారి కా లెక్క యక్కఱలేదు. పదునెనిమిదవయేట వోటు నిచ్చి, పురుషులను పదునెనిమిది నెలలు పటాలములో నిలిపి తుపాకి పట్టించిన రాజ్యమే, అద్దె కడకు వచ్చునప్పటికి వారిని పాలబుగ్గల పసివారినిగా నెంచుచున్నది! కలవారి సంగతి చూడుడు. పెద్దబిడ్డకు తల్లిదండ్రులు పదేండ్లలో అయిదుకోట్ల వాన్లవఱకు పన్ను లేక యీయవచ్చును. 2024 మొదలు ఆ బిడ్డకు పెండ్లియైనను సంతానము కలిగినను మఱి పదికోట్లకు పన్ను లేదు. బీదబిడ్డకు తండ్రి యాదాయ మడ్డంకి. కలిగినబిడ్డకు తండ్రి యాస్తి నిచ్చెన. పెండ్లికానివారు, అందును స్త్రీలు, స్వతంత్రముగా నుండుటకు దగరని చాటుటకు నింతకంటె నేమి కావలెను?

"బిడ్డలు వెడలిపోయిన వృద్ధుల గతి యేమి? మాతాపితృభక్తి నశింపదా?" యని పెద్దలు ప్రశ్నింతురు. కన్ఫ్యూషియసు బోధించిన పితృభక్తి గొప్పదే. కాని పోవ దారిలేక నిలిచినవాని యునికిని భక్తి యనుట భక్తికే యవమానము. వృద్ధులమీద నిజముగా కనికరము గలవా రొక్కటి చూడవలెను. కొరియా వృద్ధులలో నూటికి దాదాపు నలుబదిమంది పేదలు. ముదిమికై దాచుకొన్న సొమ్మును బిడ్డల ధరావతులకు ధారపోయుమని వారిని నిర్బంధించుట యే ధర్మము?

మఱి యీ కట్టడివలన పెండ్లిండ్లయినను పెరిగినవా? ఇల్లు లేక పెండ్లి లేదు. పెండ్లి లేక యిల్లు లేదు. 2023లో స్త్రీకి సగటున 0.72 సంతానముతో నా దేశము జననముల లెక్కలో ప్రపంచమున కట్టడుగున నిలిచినది. బిడ్డలను గనుడని ప్రభుత్వము బ్రతిమాలుచున్నది. ఉండుటకు గది చూపనివారి బ్రతిమాలుట నెవ రాలకింతురు?

చేయవలసినది స్పష్టము. పందొమ్మిదేండ్లు నిండి ప్రాప్తవయస్కులైన స్త్రీపురుషులను, వివాహితులైనను కాకున్నను, సహాయశాసనము లన్నిటిలోను స్వతంత్రవ్యక్తులుగా లెక్కింపవలెను. ధరావతు సొమ్మును యజమాని వర్తకమునకు విడువక, గడువు తీరువఱకు మధ్యస్థమైన నిధిలో నుంచవలెను. ఒంటివారికై కిటికీయు తలుపును గల చిన్నయిండ్లను ప్రభుత్వమే విరివిగా కట్టించి తక్కువ యద్దెకీయవలెను. ఇవి చేసిన పిమ్మటగూడ బిడ్డ యింటనే యుండిన నప్పు డది ప్రేమ యని నమ్ముదము. అంతవఱకు కంగారూలని వారిని వెక్కిరించుట కెవ్వరికిని హక్కు లేదు.