పెరట్లోకి పిట్టలు ఎందుకు వస్తాయి?

పిల్లలూ! మీ పెరట్లోకి పిట్టలు రావాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, చూద్దాం. "గింజలు జల్లాలి" అని మీలో చాలామంది అనేస్తారు. గింజలు జల్లితే వస్తాయి, నిజమే. కాని తిని ఎగిరిపోతాయి. మీ పెరట్లోనే వుండిపోవాలంటే వాటికి కావలసింది వేరే వున్నది. అదేమిటో తెలియాలంటే ముందు తేలినీలాపురం వెళ్ళి రావాలి.

ఇది శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దగ్గర వున్న చిన్న వూరు. ఏటా వానలు వెనకబట్టే వేళకు గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ గుంపులు గుంపులుగా ఇక్కడికి వస్తాయి. ఎక్కడో అడవిలో కాదు, ఇళ్ళ నడుమ వున్న చెట్ల మీదనే గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరే లోపల వెళ్ళిపోతాయి. గూడబాతును మీరు చూశారో లేదో! దాని పొడుగాటి ముక్కు కింద తోలుసంచి వేలాడుతూ వుంటుంది. ఆ సంచితోనే నీళ్ళలోని చేపలను తోడేస్తుంది. పిల్లకు ఆకలి వేస్తే తల్లి నోట్లో తల దూర్చి, గొంతులో నుంచి చేపలు తీసుకు తింటుంది! ఇవి సైబీరియా నుంచి వస్తాయని పెద్దవాళ్ళు కూడా అంటూ వుంటారు గాని, అది పొరపాటు. ఈ రెండూ మన దేశంలో పుట్టి పెరిగే పక్షులే.

ఆ వూళ్ళో వీటికి ఎవరూ గింజలు జల్లరు. తిండి అవే నౌపడా చిత్తడి నేలల్లో వెతుక్కుంటాయి. వూరివాళ్ళు ఇచ్చేదల్లా ఒక చెట్టూ, రాయి విసరమన్న ధైర్యమూ. ఇదేమంత గొప్ప అనకండి! రెట్టలతో చెట్టంతా సున్నం కొట్టినట్టవుతుంది. కొన్నాళ్ళకు చెట్టు ఎండిపోవచ్చు కూడా. ఇక చేపల కంపు సంగతి చెప్పనే అక్కర్లేదు. మనలో ఎందరం అలా వోర్చుకుంటాం?

చెట్టూ, ధైర్యమూ కరువైతే పక్షులు ఎంత పాత చోటునైనా వదిలేస్తాయి. 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల నివాసం ఒకటి కనిపెట్టాడు. దాదాపు 3000 పక్షులు అక్కడ గూళ్ళు కట్టుకుని వుండేవి. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు మీ పెరట్లోకి వద్దాం. గూడబాతులు రాకపోయినా ఫరవాలేదు, గోరింక వస్తే చాలు గదా! ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అలాంటి చోట 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. కొబ్బరిచెట్లూ, జీడిచెట్లూ లెక్కలేనన్ని కూలిపోయాయి. తరవాత నాటిన మొక్కలు పెరుగుతున్నాయి. కాని మొక్కకు తొర్ర వుండదు. రామచిలుక, గోరింక, చిన్న గుడ్లగూబ — ఇవన్నీ తొర్రల్లో గుడ్లు పెట్టేవే. పాపం, వాటికి తొర్ర తొలుచుకోవడం చేతకాదు. వడ్రంగిపిట్ట ఎండు మోడును తొలిచి, తన పని అయ్యాక వదిలేసిన ఇంట్లో ఇవి కాపురం పెడతాయి.

"అయితే మా పెరట్లో ఎండిన కొబ్బరి మోడు కొట్టవద్దని నాన్నతో చెబుతాను" అంటారేమో! తొందరపడకండి. పుచ్చిన కొబ్బరి మానులో కొమ్ముపురుగు పిల్లలు చేస్తుంది, అది పక్కనున్న మంచి చెట్ల మొవ్వును తొలిచేస్తుంది. మోడును తీసెయ్యాలని నాన్న అంటే ఆ మాట సబబే. దానికి బదులు ఒక మట్టికుండ సంపాదించండి. పక్కన రంధ్రం చేయించి, మూతి బిగించి, పిల్లి అందుకోలేనంత ఎత్తున చూరు కింద నీడలో కట్టండి. రంధ్రం రెండు వేళ్ళ వెడల్పయితే పిచ్చిక దూరుతుంది, మూడు వేళ్ళయితే గోరింక. అడుగున సన్నని చిల్లి వుండాలి, లేకపోతే వాన జల్లు లోపల నిలుస్తుంది.

నీళ్ళు మట్టి మూకుడులో, రెండు వేళ్ళ లోతుకు మించకుండా పొయ్యండి. రోజూ మార్చండి, లేకపోతే పిట్టల కన్నా ముందు దోమలు వస్తాయి. సంక్రాంతికి చూరుకు కట్టే వరి కంకుల కుచ్చు పండగ అయ్యాక తీసెయ్యకండి. అదే పిచ్చికలకు భోజనం.

అన్నట్టు, తేనెపిట్టకు కుండ అక్కర్లేదు. మందార పూలుంటే అదే వస్తుంది. సాలెగూళ్ళూ, ఎండుటాకులూ కలిపి సన్నని కొమ్మకో, వాకిట్లో తీగకో సంచిలాంటి గూడు వేలాడదీస్తుంది. చూస్తే అచ్చం బూజు! అందుకని పండక్కి దులిపేటప్పుడు చాలా గూళ్ళు పాపం బూజుతోపాటు పోతాయి. బూజుకర్ర ఎత్తే ముందు ఒక్క నిమిషం ఆగి, దానికి చిన్న ద్వారం వున్నదేమో చూడండి.

కుండ కట్టిన మర్నాడే పిట్ట రాలేదని బెంగపెట్టుకోకండి. నెలలు పట్టవచ్చు. రోజూ నిచ్చెన వేసి తొంగి చూస్తే అసలే రాదు. దూరంగా కూర్చుని చూస్తూ వుండండి. ఏదో ఒక ఉదయం ఒక పిట్ట ముక్కున గడ్డిపోచ పట్టుకుని కుండ మీద వాలుతుంది. అటూ ఇటూ చూసి లోపలికి దూరుతుంది. ఆ రోజు తేదీ మీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.