ఓటీ లెక్క మీ దగ్గరా ఉండాలి

ఈ మధ్య క్యాంపుల్లో ఎవరి చేతికి చూసినా స్మార్ట్ వాచీయే. ఎన్ని అడుగులు నడిచామో, ఎంతసేపు పడుకున్నామో అదే చెబుతోంది. మంచిదే. కానీ ఎండలో పొద్దంతా సైటు మీద తిరిగొచ్చిన మనిషికి బాగా నడిచావని వాచీ చెప్పాలా? ఐదు గంటలే నిద్రపోయావంటుంది. ఆరు మంచాల గదిలో ఒకడు నైట్ డ్యూటీకి లేస్తుంటే, ఇంకొకడు డ్యూటీ దిగొచ్చి లైటు వేస్తాడు. తెలిసి మాత్రం ఏం చేస్తాం!

మనవాళ్లకు పనికొచ్చే లెక్క వేరే ఉంది. ఏ రోజు ఎన్నింటికి పనిలోకి దిగారు, ఎన్నింటికి వదిలారు, ఓటీ ఎన్ని గంటలు. దీన్ని చాలామంది రాసుకోరు. టైం కీపర్ రాస్తున్నాడు కదా అని ధీమా.

యూఏఈ సంగతే తీసుకుందాం. జీతాలు బ్యాంకు, ఎక్స్ఛేంజీల ద్వారా వేసే పద్ధతి 2009లో వచ్చింది. జీతం పడిందో లేదో దాంతో సర్కారుకు తెలుస్తుంది. మీరు ఎన్ని గంటలు ఎక్కువ చేశారో దానికేం తెలుసు? 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు దాటితే, బేసిక్ లెక్కన గంటకు వచ్చేదానికి కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. సౌదీలో అయితే 50 శాతం. బేసిక్ 900 దిర్హమ్‌లు ఉన్నవాడికి గంటకు 3.75, ఓటీ గంటకు 4.69 వస్తుంది. రోజుకు 2 గంటల చొప్పున 26 రోజులు చేస్తే దాదాపు 244 దిర్హమ్‌లు. అందులో పది గంటలు తగ్గించి రాస్తే, మీ దగ్గర లెక్క లేకుండా ఎలా పట్టుకుంటారు? లేబర్ ఆఫీసుకెళ్లి "చాలా ఓటీ రావాలి సార్" అంటే పని జరగదు. తారీఖుల వారీగా రాసింది చూపిస్తే కంపెనీ రికార్డుతో పోల్చమని అడగొచ్చు. పుస్తకం చూపించగానే గెలిచినట్టు కాదు. కానీ మాటకు బలం వస్తుంది.

చేరిన తేదీ, జీతం లేని సెలవులు కూడా రాయండి. గ్రాట్యుటీ దగ్గర అవే అడ్డం పడతాయి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున కడతారు, జీతం లేని రోజులు సర్వీసులోకి రావు.

ఇక ఇవన్నీ ఫోన్లో పెట్టుకోవడం వేరే తలనొప్పి. పాస్‌పోర్టు, ఆధార్, ఏటీఎం పిన్ అన్నీ ఒకే గ్యాలరీలో పెట్టి ఫోను పోగొట్టుకుంటే ఎవరి చేతిలో పడతాయో! లెక్కలు రాసే యాప్‌కు మన కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? అడిగితే తీసేయండి. సాక్ష్యం పేరుతో తోటివాళ్లను, ఫోర్‌మన్‌ను అడక్కుండా వీడియోలు తీయొద్దు. యూఏఈలో 2021 సైబర్ చట్టం కింద అదే మీ మీద కేసు కావచ్చు.

రూపాయి నోటుబుక్కు కాకపోతే రెండు దిర్హమ్‌ల బుక్కు కొనండి. పెన్నుతో, తెలుగులోనే రాయండి, అంకెలు మాత్రం 1, 2, 3 అని వేయండి. ప్రతి నెలాఖరుకు ఆ పేజీ ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి. బుక్కు పోయినా ఇంట్లో ఒకటి ఉంటుంది, పంపిన తారీఖు కూడా ఉంటుంది.