ఛాయాచిత్రమున కనబడనివాడు

పూర్వము దేశాటనము చేసినవాడు తాను చూచిన వింతలను నోటితో చెప్పెడివాడు. నేటివాడు ఛాయాచిత్రములలో చూపుచున్నాడు. ఆ చిత్రములను చూచి జనులు కెమెరాను మెచ్చుకొందురు, తీసినవాని నేర్పును మెచ్చుకొందురు. ఒప్పుకొని దానియెదుట నిలిచిన మనుష్యుని మెచ్చుకొనువారు మాత్రము అరుదు. కాని పరదేశమున తీసిన మంచి చిత్రమునందు సగము పని ఆ దేశపు మనుష్యులదే. ఇందులకు నిదర్శనమును దూరదేశములలో వెదుక నక్కరలేదు. అది అచ్చంపేట చెంతనే కలదు.

అచ్చంపేటనుండి మన్ననూరు దారిని పోయి ఘట్టమెక్కినచో అమ్రాబాదు పీఠభూమి వచ్చును. నల్లమల యడవిలోని ఆ పీఠభూమి చెంచుల నివాసస్థానము. వారి చిన్న పల్లెలను పెంటలందురు. వేట, కందమూలములు, ఇప్పపూవు, తేనె పూర్వము వారికి ముఖ్య జీవనాధారములు. 1940లో ఈ పెంటలకు ఒక విదేశీయుడు భార్యాసమేతుడై వచ్చెను. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన 1909లో ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త. రెండవ ప్రపంచయుద్ధము మొదలగునప్పటికి ఆయన భారతదేశమున నుండెను. ఆయన చేతనున్నది జర్మనీ పాస్‌పోర్టు. అందుచే ఆంగ్ల ప్రభుత్వమునకు ఆయన శత్రుదేశీయుడయ్యెను. హైదరాబాదు సంస్థానములో ఉండుటకు అనుమతి లభింపగా, చెంచుల జీవితమును పరిశోధింప బూనెను. యుద్ధము శత్రువని ముద్రవేసిన ఆ మనుష్యునికి అడవిలోని పెంటలు చోటిచ్చినవి.

హైమన్‌డార్ఫ్ ఒకపూట వచ్చి చిత్రములు తీసికొని పోయినవాడు కాడు. చెంచుల నడుమ నెలల తరబడి నివసించెను. వారి చుట్టరికములను, ఆచారములను, ఆకలిని తెలిసికొనెను. ఆయన వ్రాసిన గ్రంథము 1943లో లండనులో అచ్చుపడెను. చెంచులు అందులో పేరులేని గుంపుగా కాక, కుటుంబములు, బంధుత్వములు గల మనుష్యులుగా కనబడుదురు. నిజాము ప్రభుత్వము ఆ కాలముననే పీఠభూమిపై కొంత యడవిని చెంచుల కొరకు ప్రత్యేకించెను. 1945లో హైమన్‌డార్ఫ్ ఆ ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారయ్యెను. ముప్పది యేండ్లకు పైబడిన పిమ్మట మరల వచ్చి, మారిన వారి స్థితిగతులను చూచి, 1982లో ప్రకటించిన గ్రంథమున వారి కష్టములను లోకమునకు చాటెను. చూచి వ్రాసికొనుటకు వచ్చినవాడు తుదకు వారి పక్షమున మాటాడువాడయ్యెను. ఈ మార్పు కెమెరా వలన కలిగినది కాదు. మనుష్యుల సాంగత్యము వలన కలిగినది.

చెంచులు తేనె తీయు విధము చూడదగినది. నిలువుకొండ చరియకు పట్టిన తేనెకై ఒకడు త్రాటిని పట్టుకొని క్రిందికి దిగును. పైన నమ్మకమైనవాడొకడు ఆ త్రాటిని కనిపెట్టుకొని యుండును. క్రిందినుండి చిత్రము తీసినచో త్రాటికి వ్రేలాడువాడే అందులో పడును, పైనున్నవాడు పడడు. అయినను వాడు లేనిదే తేనె లేదు, చిత్రమును లేదు. పరదేశమున చిత్రములు తీయువాని పనియు నిట్టిదే. దారి చూపినవాడు, నీళ్లిచ్చిన యిల్లాలు, "వీడు మనవాడే" యని తోడివారికి నచ్చజెప్పిన పెద్ద—వీరెవ్వరును చిత్రములో కనబడరు. కాని త్రాడు వారి చేతులలోనే యున్నది.

ఈ సాంగత్యము లేనివాడు తాను చూడగోరినదానినే చూచును. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆదిమజాతుల చిత్రములతో ఇరువది సంపుటముల మహాగ్రంథమును ప్రకటించెను. 1910 ప్రాంతమున ఆయన పీగన్ జాతివారి గుడారములో కూర్చున్న యిద్దరిని చిత్రించెను. వారి నడుమ ఒక గడియారముండెను. గ్రంథములో అచ్చయిన చిత్రమున ఆ గడియారము చెరిపివేయబడినది. ఆదిమజాతివారి చెంత గడియారముండుట ఆయన ఊహకు సరిపడలేదు కాబోలు. కర్టిస్ శ్రమను తక్కువచేయ నక్కరలేదు. కాని గడియారముతోపాటు వారి వర్తమానమును తుడిచిపెట్టుట పొరపాటే. నేడు పెంటకు వచ్చి, బడికి పోవు చెంచు బాలుని పుస్తకముల సంచిని ప్రక్కన పెట్టించి, చేతికి విల్లు నిచ్చి చిత్రము తీయువాడును ఆ పొరపాటునే చేయుచున్నాడు.

అనుమతి యడిగినచో చిత్రములోని సహజత్వము చెడునని కొంద రందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. అడిగిన వెంటనే మనుష్యుడు బిగిసికొని నిలుచును. కాని దానికి మందు దొంగచాటుగా తీయుట కాదు, కొంచెము సేపు ఆగుట. పరిచయము పెరిగిన కొలది బిగువు సడలును. ఉలికిపడిన ముఖమునందు కనబడునది ఆ మనుష్యుని స్వభావము కాదు, వచ్చినవాని తొందరపాటు. నెలల తరబడి యుండుట బాటసారికి సాధ్యము కాదనుటయు నిజమే. ఒక్క దినమే యున్నవాడు తక్కువ చిత్రములు తీయవచ్చును. పేరడిగి, క్షేమమడిగి, వలదన్నచోట కెమెరాను మూయవచ్చును. ఇందులకు నెలలు పట్టవు.

పరదేశమనగా సముద్రమునకు ఆవలిదియే కానక్కరలేదు. చైత్రపౌర్ణమికి సలేశ్వరము జాతరకు పోవు పట్టణవాసి చెంచులకు పరదేశియే. ఇప్పుడు వాని చేతిలోని సెల్‌ఫోనులోనే కెమెరా యున్నది. హైమన్‌డార్ఫ్ పాటించిన ఓర్పు అందువలన నేడు ప్రతి బాలునికిని అవసరమైనది.

తుదకు ఒక ఋణము మిగులును. హైమన్‌డార్ఫ్ తీసిన వేలకొలది చిత్రములు లండనులో ఆయన ఆచార్యుడుగా పనిచేసిన స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రముగా నున్నవి. అవి చెడకుండుట మేలే. కాని తాతముత్తాతల ముఖములు నల్లమలలోని మనుమలకు చేరుట అంతకంటె మేలు. పరుల యింట చిత్రము తీసినవాడు దాని ప్రతి నొకదానిని ఆ యింటికి పంపవలెను. అతిథి యుచ్చుకొనుటయే కాక యిచ్చుటయు నేర్చిననాడే ఆతిథ్యము సార్థకమగును.