విశేషణమే తీర్పైన పత్రిక



అమెరికా దేశపు ‘టైమ్’ పత్రిక శైలిని మెచ్చుకోవడం మనలో చాలాకాలంగా విద్వత్తుకు గుర్తుగా చెల్లుబాటవుతూ వచ్చింది. వార్తను కథలా చెప్పడం ఎట్లాగో ఆ పత్రికను చూసి నేర్చుకోవాలని హితవు చెప్పే పెద్దలు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. నేను జీవితమంతా బడిపిల్లలకు సమాసాలూ అన్వయాలూ బోధించిన తెలుగు పండితుణ్ణి. ఆ అర్హతతోనే ఈ హితవును ఖండించదలచుకున్నాను. ఆ శైలి అలంకారం కాదు. తీర్పుకు తొడిగిన ముసుగు.

1923 మార్చి 3వ తేదీతో తొలి సంచిక వెలువడింది. స్థాపకులు హెన్రీ లూస్, బ్రిటన్ హాడెన్. యేల్ విశ్వవిద్యాలయంలో సహాధ్యాయులు, పాతికేళ్ళకు అటూఇటూ ప్రాయం వారు. తీరిక లేని పాఠకునికి వారం వార్తలను కుదించి, శాఖలుగా విభజించి అందించాలన్నది వారి సంకల్పం. సంకల్పం మంచిదే. హాడెన్‌కు హోమరు ‘ఇలియడ్’ మీద మక్కువ. ఆ కావ్యంలో వీరుల పేర్లకు ముందు వచ్చే జోడుమాటల విశేషణాలను తెచ్చి సెనేటర్లకూ వర్తకులకూ తగిలించాడు. వాక్యాన్ని తిరగవేసి క్రియను ముందుకూ కర్తను వెనుకకూ జరిపాడు. హాడెన్ 1929లో 31వ యేట మరణించినా, అతని పద్ధతి దశాబ్దాల తరబడి ఆ పత్రికను ఏలింది. తరువాత అది క్రమంగా సడలింది. 2020లో పత్రిక వారం వారం రావడం కూడా మానుకున్నది. కాని దాని సంతానం మాత్రం నేటికీ వర్ధిల్లుతున్నది.

తిరగబడిన వాక్యంతో నాకు పేచీ లేదు. పద్యం చదివినవారికి వ్యత్యస్త క్రమం కొత్త కాదు; అన్వయించుకుంటే సరిపోతుంది. పేచీ అంతా విశేషణంతోనే.

విశేషణం పని వ్యావర్తనం. అనగా వేరుచేసి చూపడం. నల్లకలువ అన్నామంటే తెల్లకలువ కాదని తెలియజేయడానికే ‘నల్ల’. బట్టతల మంత్రి పన్ను పెంచాడని రాస్తే ఆ బట్టతల దేనిని వేరుచేస్తున్నది? పన్నుకూ జుట్టుకూ సంబంధమేమి? సంబంధం లేని విశేషణం సమాచారం ఇవ్వదు, అభిప్రాయం కలిగిస్తుంది. ‘టైమ్’ ఆరితేరిన విద్య ఇదే. తనకు నచ్చనివాని వంకరపళ్ళు దానికి కనిపించేవి. నచ్చినవాని నిండైన విగ్రహం కనిపించేది.

క్రియల సంగతీ అంతే. జాన్ మెరిల్ అనే పరిశోధకుడు ఆ పత్రిక ముగ్గురు అధ్యక్షులను చిత్రించిన తీరును పరిశీలించి 1965లో ఒక వ్యాసం ప్రకటించాడు. ట్రూమన్ పట్ల ప్రతికూలత, ఐసెన్‌హోవర్ పట్ల అనుకూలత స్పష్టంగా ఉన్నాయనీ, కెన్నెడీ పట్ల మాత్రం కొంత సమతూకం ఉన్నదనీ తేల్చాడు. ట్రూమన్ కసురుతాడు, గద్దిస్తాడు. ఐసెన్‌హోవర్ చిరునవ్వుతో సెలవిస్తాడు. ‘అన్నాడు’ అనే నిరపరాధియైన క్రియ ఉండగా ఇన్ని వేషాలెందుకు?

ఈ వేషాలు మనకు తెలియనివా? మన పత్రికలు తెరచి చూడండి. మన నాయకుడైతే ‘ఉద్ఘాటించారు’, ‘స్పష్టం చేశారు’. ఎదుటివాడైతే ‘అక్కసు వెళ్ళగక్కారు’, ‘అవాకులు చెవాకులు పేలారు’. ఒకే సభ, ఒకే ప్రసంగం. రెండు పత్రికలు, రెండు క్రియలు. వాక్యం చివరి మాట చూసి పత్రిక ఏ పక్షానిదో చెప్పగలిగే స్థితికి పాఠకుడు చేరాడు. ఆఖరికి ‘పండిట్’ అన్న మన మాటను కూడా రాజకీయ వ్యాఖ్యాతలకు అంటగట్టి ఇంగ్లీషులో వ్యాప్తికి తెచ్చినవారిలో ‘టైమ్’ ఒకటి. ఇప్పుడు ‘రాజకీయ పండితులు’ అని అది మనకే తిరిగివచ్చింది. సంధి విడదీయడం రాకపోయినా పండితుడు కావచ్చునన్నమాట!

అయితే ఆ పత్రికలో ప్రతి మాటనూ సరిచూసేవారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. సరిచూడడానికే ప్రత్యేకంగా పరిశోధకులుండేవారు, దశాబ్దాల పాటు అందరూ స్త్రీలే. నిజమని తేలిన ఒక్కొక్క మాట మీద చుక్క పెట్టేవారు. అంతటి శ్రద్ధకు చేతులు జోడించవలసిందే. కాని చుక్క మాట మీద పడుతుంది, వాక్యాభిప్రాయం మీద పడదు. 1944లో చైనా నుంచి థియొడోర్ వైట్ చాంగ్ కై షేక్ పాలనను ఎండగడుతూ వార్త పంపితే, న్యూయార్కులో విటకర్ చేంబర్స్ దానిని చాంగ్‌కు సమర్థనగా తిరగరాశాడు. 1963లో వియత్నాం విషయంలోనూ ఇదే జరిగింది. అక్కడి విలేకరి చార్లెస్ మోర్, తన వార్తను తారుమారు చేయడమే కాక సైగాన్ విలేకరులందరినీ నిందిస్తూ పత్రిక రాసినందుకు రాజీనామా చేశాడు. చూసినవాడు ఒకడు, రాసినవాడు మరొకడు, అచ్చులో ఎవరి పేరూ లేదు. ఇక పాఠకుడు ఎవరిని నిలదీయాలి?

నిష్పాక్షికత అసాధ్యమని ఆ స్థాపకులు ముందే చెప్పుకున్నారు కదా అనేది మరో సమర్థన. పక్షం ఉండడాన్ని నేను తప్పు పట్టడం లేదు. బందరు ‘కృష్ణాపత్రిక’లో ముట్నూరి కృష్ణారావు గారు సంపాదకులుగా 1945లో పరమపదించేవరకూ పక్షం వహించే రాశారు. అయితే అవి సంపాదకీయాలని తెలిసే జనం చదివారు. ఒప్పుకోనివారు ఎదురు వాదించారు. వాదానికి ప్రతివాదం ఉంటుంది. వంకరపళ్ళకు ప్రతివాదమేమి ఉంటుంది?

2006లో ఆ పత్రిక ముఖచిత్రం మీద అద్దం వంటి రేకు అంటించి, ఆ సంవత్సరపు వ్యక్తి ‘మీరే’ అని ప్రకటించింది. అంతర్జాలంలో రాసేవారందరినీ, అంటే మననూ కలుపుకొని అన్న మాట అది. ఎనభై యేండ్లు విశేషణాలతో ఏలిన పత్రిక ఒక సర్వనామంతో మనకు పట్టం కట్టింది! సంతోషమే. కాని కలంతో పాటు దాని జబ్బు కూడా మన చేతికి వచ్చింది. ఇక్కడ మన రాతలకు సంపాదకుడు లేడు, చుక్క పెట్టే ఆమె అసలే లేదు.

కనుక నా విన్నపం ఒక్కటే. ఒక మనిషి పేరుకు ముందు విశేషణం చేర్చినప్పుడు, ప్రచురించేముందు దానిని ఒకసారి తీసి చదవండి. విషయానికి లోటు కలిగితే తిరిగి చేర్చండి. లోటు లేకపోతే అది అతని గుణం కాదు, మన అక్కసు.