పాత అల్యూమినియం పడవ కొన్నారా? సీటు కింద ఫోమ్ చూసుకోండి

అమెరికాలో సరస్సుల్లో చేపలు పట్టడానికి పాత అల్యూమినియం పడవ కొని, ఇంట్లోనే బాగుచేసుకునేవారు చాలామందే. మీరూ ఆ పనిలో ఉంటే, సీట్లు విప్పగానే కనిపించే పాత ఫోమ్‌ను చెత్త అనుకుని పారేయకండి. నీళ్లు నిండినా పడవ మునగకుండా ఆపేది అదే.

20 అడుగుల లోపు మోటారు పడవల్లో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండాలన్నది అక్కడి కోస్ట్ గార్డ్ నిబంధన. చిక్కేమిటంటే, అది తయారీదారుకే వర్తిస్తుంది. మీ గ్యారేజీలో ఫోమ్ తీసేసి ఆ చోట సామాన్లు పెట్టుకుంటే అడిగేవారుండరు.

నీరు పీల్చి బరువెక్కిన ఫోమ్‌ను మాత్రం మార్చాల్సిందే. ఒక ఘనపుటడుగు కొత్త ఫోమ్ దాదాపు 27 కిలోల బరువును తేల్చగలదు. కానీ ఎంత పెట్టారన్నదొక్కటే చాలదు, ఎక్కడ పెట్టారన్నదీ చూడాలి. అంతా అడుగునే నింపితే, నీళ్లు నిండినప్పుడు పడవ తిరగబడే ప్రమాదం ఉంది. పక్కగోడల వెంట కాస్త ఎత్తులో, బరువైన మోటారు ఉండే వెనుక భాగంలో ఎక్కువగా పెడితే తిన్నగా తేలుతుంది, మీరు పట్టుకుని ఉండొచ్చు.

టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ వద్దు, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. నీటినీ పెట్రోలునూ తట్టుకునే క్లోజ్డ్ సెల్ ఫోమ్ అడగండి. దాని కింద నీరు జారిపోయే దారి వదలండి. తడి ఫోమ్ ఆనుకుని ఉంటే అల్యూమినియానికి కూడా చిల్లులు పడతాయి.