మిరప చేల గట్ల మీది నిరాశ్రయులు

జనవరి వస్తే మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కూలీలు పిల్లాపాపలతో సరిహద్దు దాటి తెలంగాణకు మిరప ఏరడానికి వస్తారు. పని అయ్యేదాకా చేల గట్ల మీద టార్పాలిన్ పట్టాల కిందే కాపురం. స్త్రీలకు చాటు కూడా ఉండదు.

2016 నాటి ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1,20,000 రూపాయలిస్తుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. మంచి పథకమే, కాదనం. కానీ ఆ ఇల్లు వచ్చేది సొంతూళ్లో, అదీ జాగా ఉన్నవారికి. ఇక లక్ష జనాభాకు ఒక షెల్టర్ అన్న నియమం పట్టణాలకే. పల్లెలో ఆరుబయట పడుకుంటే నిరాశ్రయుడు కాదా?

మేము కోరేది పెద్దదేమీ కాదు. మిరప ఏరే మండలాల్లో సీజను వసతికి రెండు రాష్ట్రాలూ నిధి పెట్టాలి: నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, రాత్రికి దీపం. అది వచ్చేలోగా, డిసెంబరులో పశువుల పాక కట్టే మన చర్చి ఆవరణలు జనవరిలోనూ తెరిచి ఉండొచ్చు కదా!

యువజనులారా, చంద్రపూర్, బల్లార్షా తెలుగు సంఘాల వారు అక్కడినుంచి బయలుదేరే కుటుంబాల వివరాలు రాయండి. తెలంగాణలో ఉన్నవారు గుడారాలు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలిపి సోమవారం ప్రజావాణిలో కలెక్టరు చేతికిద్దాం.